ఆధారం లేని అప్పలస్వామి

సారిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కొత్త సెమిస్టరు మొదలైన రోజున రెండు సంగతులు జరిగాయి. రెండో సంవత్సరం లెక్కల తరగతి గదిలో పైకప్పు పెచ్చు ఊడి బల్ల మీద పడింది. అదే సమయానికి ప్రిన్సిపాల్ గంగాధరరావుగారు స్టాఫ్ మీటింగు పెట్టి కళాశాల ప్రాధాన్యాలను ప్రకటించారు. మొదటిదానికి అరవై మంది విద్యార్థులు సాక్షులు గాని ఫొటో లేదు. రెండోదానికి ఫొటో ఉంది. అంచేత ఆ సెమిస్టరు నివేదిక ప్రకారం రెండోది మాత్రమే జరిగింది.

ఆ మీటింగులో లెక్కల లెక్చరరు పొట్నూరు అప్పలస్వామి ఫొటోకు అందని ఆఖరి కుర్చీలో కూర్చున్నాడు. ఆఖరి కుర్చీ కాంట్రాక్టు వాళ్లది. పదకొండేళ్లుగా ఆయనదే. ఏటా ఎండాకాలంలో ఆయన ఉద్యోగం చచ్చిపోతుంది, జూన్‌లో పై నుంచి కాగితం వస్తే మళ్లీ పుడుతుంది. ఆ మధ్య రోజుల్లో వాళ్లింట్లో ఎవరూ గట్టిగా తుమ్మరు. అటువంటి మనిషి మీటింగుల్లో నోరెత్తుతాడా? ఎత్తడు. తల మాత్రం అవసరమైనచోట ఊపుతాడు.

"గౌరవనీయులైన సహోద్యోగులారా," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "గత సంవత్సరం మనం ఎంతో చేశాం. కానీ నాణ్యతా పరిశీలక బృందం వారు మనల్ని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. ఆధారమేది? కావున ఇకమీదట ఈ ప్రాంగణంలో తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం ముద్రితమైన ఛాయాచిత్రం లేని ఏ కార్యమూ జరిగినట్లు పరిగణింపబడదు. ఇదే మన ప్రథమ ప్రాధాన్యం. ద్వితీయ, తృతీయ ప్రాధాన్యాలు కూడా ఇందులోనే ఇమిడి ఉన్నాయి."

ఇంగ్లీషు చెప్పే ఉమామహేశ్వరి మేడం లేచి నిలబడ్డారు. ఆవిడ నాణ్యతా విభాగానికి సమన్వయకర్త. "డాక్యుమెంట్ కానిది ఈవెంటే కాదు సార్," అని కూర్చున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకు ఫొటో తీయలేదని గుర్తొచ్చి మళ్లీ కొట్టారు.

మరి ఈ ఫొటోలన్నీ ఎవరు తీస్తారు? ఆ ప్రశ్న రాగానే పర్మనెంటు వాళ్లందరూ పైకప్పు వంక చూశారు. ప్రిన్సిపాల్‌గారి చూపు మాత్రం తిన్నగా అప్పలస్వామి చేతుల మీద వాలింది. ఆ చేతులకు కాలేజీలో ఒక పేరుంది. కంపాసు లేకుండా, దారం లేకుండా, బోర్డు మీద ఒక్క గీతతో సున్నా చుడితే అచ్చం పున్నమి చంద్రుడే. కొత్తగా చేరిన పిల్లలు స్కేలు పెట్టి కొలిచి చూసుకుని నోరు మూసుకుంటారు.

"వణుకు లేని చెయ్యి," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "శ్రీ అప్పలస్వామిగారిని ఛాయాచిత్ర ఆధారాల ఇన్‌ఛార్జిగా నియమించడమైనది."

అప్పలస్వామి తల ఊపాడు.

ఆ తర్వాత కాలేజీ వరస చూడాలి. బెల్లు కొట్టగానే తరగతి మొదలైనట్టు ఒక ఫొటో, ముగిసినట్టు ఇంకో ఫొటో. తరగతికో ఫ్లెక్సీ. మొహంలో శ్రద్ధ కనబడే పిల్లలను ఏరి ముందు బెంచీల్లో కూర్చోబెట్టారు. వాళ్లు ఒక తరగతిలో శ్రద్ధ చూపించి, వెంటనే లేచి పక్క తరగతిలో చూపించడానికి పరిగెత్తేవాళ్లు. రిటైరైన చరిత్ర లెక్చరరు ఒకాయన పోతే రెండు నిమిషాల మౌనం మూడుసార్లు పాటించారు. మొదటిసారి ఫోనుకు లొకేషను అందలేదు. రెండోసారి వెనకాల ఫ్లెక్సీ మీద 'స్వాగతం, సుస్వాగతం' అని ఉంది. మూడోసారికి పోయినాయన కొడుకే కాస్త తొందరగా కానివ్వమని బతిమాలాడు.

అటెండరు పైడితల్లి పొద్దున్నే ఆవరణ అంతా ఊడ్చి చెత్త కుప్ప చేసి పెడితే, స్వచ్ఛతా కార్యక్రమానికి ఆధారం కావాలని ఉమామహేశ్వరి మేడం ఆ కుప్ప మళ్లీ చల్లించారు.

"ఊడిసీసిందాన్ని మల్లీ ఊడవమంటారేటమ్మా?" అంది పైడితల్లి, చీపురు నేలకేసి కొట్టి.

"ఇందాక నువ్వు ఊడ్చినట్టు రికార్డు లేదు పైడితల్లీ."

"సెత్త లేదు కదమ్మా. అదే రికార్డు."

"చెత్త లేకపోవడం నువ్వు ఊడ్చావనడానికి ఆధారం కాదు. మొదటినుంచీ లేకపోయి ఉండవచ్చు."

పైడితల్లి అప్పలస్వామి వంక చూసింది. అప్పలస్వామి ఫోను సరిచేసుకుని, "కొంచెం వంగు పైడితల్లీ, మొహం కనబడాలి," అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు. పదకొండేళ్లలో ఆయన ఆవిడతో అలా మాట్లాడింది ఎప్పుడూ లేదు.

ఇంతకీ ఈ ఫొటోల గోలలో ఆయన సొంత తరగతి ఏమైంది? అక్కడే వచ్చింది చిక్కు. మిగతావాళ్ల తరగతులకు ఆయన వెళ్లి ఫొటో తీస్తాడు. ఆయన తరగతికీ ఆయనే తీయాలి. ఫొటోలో బోర్డు పడుతుంది, బోర్డు మీద పున్నమి చంద్రుడు పడతాడు, అరవై మంది పిల్లలు పడతారు. మాస్టారు మాత్రం పడడు. మొదటి వారంలోనే ఆయనకు ఈ సంగతి తట్టింది. లెక్కల మనిషి కదా. ఓ రోజు ధైర్యం చేసి ఉమామహేశ్వరి మేడం గదికి వెళ్లాడు.

"మేడం, నా క్లాసు ఫొటో నేనే తీస్తన్నాను. అందులో నేనుండను కదండి."

"మంచి పరిశీలన," అన్నారావిడ. "నోట్ చేసుకుంటాను."

"ఎవరైనా స్టూడెంటు చేతికి ఫోనిచ్చి తీయించనా?"

"తరగతిలో విద్యార్థులు ఫోన్ ముట్టుకోరాదని సర్క్యులర్ ఉందిగా. పైగా ఇన్‌ఛార్జి చెయ్యి దాటితే ఆధారం కలుషితమైపోతుంది."

"పోనీ నేనే చెయ్యి చాపి, నన్ను కూడా పడేలాగ..."

"సెల్ఫీయా?" ఆవిడ కళ్లజోడు తీశారు. "సెల్ఫీ వ్యక్తిగత వినోదం అప్పలస్వామిగారూ. సంస్థాగత ఆధారం కాదు. మరేం భయం లేదు, మీరున్నారని మాకందరికీ తెలుసు."

మాకందరికీ తెలుసు అన్న మాటను నమ్మి ఆయన బయటికొచ్చాడు. పాపం, అమాయకుడు. తెలిసినదానికి అక్షాంశం ఉండదని ఆయనకు ఆ రోజు తట్టలేదు.

గంటలో ఇరవై నిమిషాలు ఫొటోలకే పోతే లెక్కలు ఎప్పుడు చెప్పాలి? అందుకని ఆయన పొద్దున్న ఏడున్నరకే రావడం మొదలుపెట్టాడు. సైకిల్ స్టాండు రేకుల కింద పాత బోర్డు ఒకటి గోడకు ఆనించి చెప్పేవాడు. మొదటి బస్సుకు వచ్చే పిల్లలు నలుగురితో మొదలై, సంక్రాంతి సెలవులయ్యేసరికి అరవై మందీ వచ్చేవాళ్లు. అందరికంటే ముందు వచ్చేది బెవర హైమావతి. పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊరు ఆ పిల్లది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి తీరాలని ఆ పిల్ల పంతం, చదివించి తీరాలని ఈయన పంతం.

"ముందు దత్తాంశం చూడండి," అనేవాడు ప్రతి లెక్కకీ. "మనకి ఇచ్చినదేదో అదే దత్తాంశం. అది తప్పైతే, తర్వాత మీరెంత అందంగా చేసినా జవాబు గంగపాలే. మధ్యలో ఏ మెట్టూ తప్పుండదు. అదే దాని తమాషా."

సైకిల్ స్టాండు తరగతికి ఫ్లెక్సీ లేదు, ఫొటో లేదు. ఆ కాసేపే ఆయన ఫోను జేబులో ఉండేది.

పరీక్షలయ్యాక, కాంట్రాక్టుల పునరుద్ధరణ కోసం జోన్ కార్యాలయం నుంచి సదాశివంగారనే పరిశీలనాధికారి వచ్చారు. ఆయన ముందు వెయ్యిన్ని నాలుగు వందల పన్నెండు ఫొటోలు పెట్టారు. ఆయన ఒక్కొక్కటే చూసి, ఎవరెవరు ఎన్ని ఫొటోల్లో ఉన్నారో పేర్లకెదురుగా గీతలు గీసుకున్నారు. ఉమామహేశ్వరి మేడం రెండు వందల ఆరు. ప్రిన్సిపాల్‌గారు ఐదు వందల నలభై. ఆవరణలో తిరిగే నల్లకుక్క పందొమ్మిది. అప్పలస్వామి పేరుకెదురుగా ఏమీ లేదు.

"ఈ వ్యక్తి ఇక్కడ పనిచేసినట్లు ఆధారం లభించలేదు," అన్నారు సదాశివంగారు.

ఎదురుగా నిలబడ్డ అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి అది. ఆ ఫొటోలన్నీ తీసింది నేనే."

"ఫొటోలు ఫోను తీసింది. ఫోను ఉనికిని మేము కాదనడం లేదు."

"రిజిస్టరులో నా సంతకాలున్నాయి సార్."

"సంతకం పెడుతున్నప్పటి ఛాయాచిత్రం ఉందా?"

లేదు. సంతకం పెడుతూ ఫొటో ఎలా తీసుకుంటాడు? అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, కాలేజీ అందరికీ ఆధారాలు పుట్టించినవాడు తనకు ఒక్కటి లేక నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. పదకొండేళ్లలో మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది, వచ్చి ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

పైడితల్లి టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఈ బాబు రోజూ ఏడున్నరకే వస్తాడండి. గేటు తాళం తీసేది నానే."

"మౌఖిక సాక్ష్యం," అని రాసుకున్నారు సదాశివంగారు. రాసుకుని, దాన్ని కొట్టేశారు.

అప్పుడు ప్రిన్సిపాల్‌గారికి జాలి కలిగింది. నిజంగానే కలిగింది. ఆయన చెడ్డవాడేం కాదు, నిబంధన లేనిచోట మంచివాడే. ఆ జాలిలో ఆయన ఫొటోలు తిరగేస్తూ గణతంత్ర దినోత్సవం ఫొటో దగ్గర ఆగారు. జెండా కర్ర దగ్గర తాను వందనం చేస్తున్నారు. నేల మీద ముగ్గు కూడా పడాలని అప్పలస్వామి ఆ రోజు ఫోను కిందికి వంచి తీశాడు. అందుకని ముగ్గు పక్కన, కాలి నుంచి తల దాకా, ఒక మనిషి నీడ పడింది.

"ఇదిగోనండి," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "నీడ ఆధారమవుతుందా?"

సదాశివంగారు ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరి నీడో శాస్త్రీయంగా నిర్ధారణ కావాలి," అన్నారు. వెంటనే నీడ నిర్ధారణ ఉపసంఘం ఏర్పాటైంది. ఆయన అధ్యక్షులు, మేడం కన్వీనరు.

అప్పలస్వామికి ప్రాణం లేచొచ్చింది. ఇది ఆయన సొంత విద్య. హైమావతి వాళ్లను కూడా పిలిచి ఉపసంఘం ముందు బోర్డు మీద లెక్క మొదలుపెట్టాడు. ఆవరణలో పరిచిన పలకలు ఒక్కోటి ఒక్క అడుగు. జెండా కర్ర ఇరవై అడుగులు. ఫొటోలో దాని నీడ ముప్పై పలకలు. మనిషి నీడ ఎనిమిదింబావు. ఒకే ఎండ, ఒకే నేల, సరూప త్రిభుజాలు. సుద్దముక్క చకచకా సాగి ఆఖరి గీత దగ్గర ఆగింది.

"ఐదున్నర అడుగులు," అన్నాడు అప్పలస్వామి. తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. హైమావతి టేపు పట్టి కొలిచింది. సరిగ్గా ఐదున్నర. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. సదాశివంగారు సైతం లెక్క బాగుందన్నారు. ఆ సాయంత్రం అప్పలస్వామి ఇంటికి జీళ్ల పొట్లం తీసుకెళ్లాడు. తెల్లారి ఉపసంఘం నివేదిక వచ్చింది.

'సదరు నీడ ఐదున్నర అడుగుల ఎత్తు గల వ్యక్తిదని నిస్సందేహంగా రుజువైనది. ఈ కళాశాలలో ఆ ఎత్తు గలవారు ఇద్దరు. ఒకరు ప్రిన్సిపాల్. రెండవవారు శ్రీ అప్పలస్వామి. రెండవవారి ఉనికి ఇంకనూ పరిశీలనలో ఉన్నందున, సీనియారిటీని అనుసరించి నీడను ప్రిన్సిపాల్‌గారికి కేటాయించడమైనది.'

"సార్, ప్రిన్సిపాల్‌గారి నీడ ఆయన కాళ్ల దగ్గరే ఉందండి ఫొటోలో," అంది హైమావతి, ఉండబట్టలేక.

"బాధ్యత గల అధికారికి ఒక్క నీడ సరిపోదమ్మాయ్," అన్నారు సదాశివంగారు.

ప్రిన్సిపాల్‌గారు తల దించుకున్నారు. తర్వాత నీడ అందినట్టు సంతకం చేశారు.

మే నెలాఖరున విశ్వవిద్యాలయం ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో అరవై మందికి యాభై ఎనిమిది మంది పాసయ్యారు. హైమావతికి నూటికి తొంభై ఏడు. ఆ చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ అంత ఫలితం లేదు. ఇంగ్లీషులో పద్నాలుగు మంది పాసయ్యారు. అప్పలస్వామి ఆ రోజు ఫలితాల కాగితం చొక్కా జేబులో పెట్టుకుని కాలేజీకి వచ్చాడు. ఇంతకంటే ఆధారం ఏముంటుంది అనుకున్నాడు. చేసిన కష్టం ఎక్కడికీ పోదు అంటారు కదా.

ఎక్కడికీ పోలేదు. ప్రిన్సిపాల్‌గారి గదిలోనే ఉంది. ఆ గదిలో అప్పటికే సదాశివంగారూ, ఉమామహేశ్వరి మేడమూ కూర్చుని ఫలితాలను అధ్యయనం చేస్తున్నారు.

"చూడండి, ఎంత ఆసక్తికరంగా ఉందో," అంటున్నారు మేడం. "లెక్కల తరగతి ఫొటోలు తొంభై. వాటిలో విద్యార్థులున్నారు, బోర్డుంది, జవాబులున్నాయి. అధ్యాపకుడు లేడు. అయినా యాభై ఎనిమిది మంది ఉత్తీర్ణులు. అంటే ఏమిటన్నమాట?"

"స్వయం అభ్యసనం," అన్నారు సదాశివంగారు. ఆయన సర్వీసులో ఇటువంటిది చూసి ఎరగరు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న సామెత ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. దూడ పేరు కూడా పెట్టేశారు. 'అధ్యాపక రహిత గణిత బోధన: సారిపేట నమూనా.' వారం తిరక్కుండా దాన్ని ఉత్తమ విధానంగా గుర్తిస్తూ జోన్ కార్యాలయం నుంచి అవార్డు ప్రకటన వచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం. 'అధ్యాపకుడు లేకయే ఫలితములు సాధ్యమైనందున, లెక్కల కాంట్రాక్టు పోస్టు అవసరము లేదని భావించి రద్దు పరచడమైనది.'

అప్పలస్వామి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తాను సరిగా చెప్పకపోయి ఉంటే ఉద్యోగం ఉండేది. పిల్లలు తప్పి ఉంటే, వీళ్లకొక మాస్టారు కావాలి అని ఎవరైనా అని ఉండేవారు. ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. చెప్పలేదు.

జూన్‌లో కొత్త సెమిస్టరు మొదలైన రోజే అవార్డు సభ. ఆ ముందు రోజు ప్రిన్సిపాల్‌గారు స్వయంగా ఫోన్ చేశారు. "అప్పలస్వామిగారూ, మీ సేవలు ముగిసిన మాట వాస్తవమే. కానీ ఫొటో ఆధారాల చార్జి మీరింకా ఎవరికీ అప్పగించలేదు కదా. రేపొక్కరోజు వచ్చి తీసిపెడితే... మీ చెయ్యి ఎవరికీ లేదండి."

వెళ్లాడు. ఎందుకు వెళ్లావని పైడితల్లి తర్వాత తిట్టింది గాని, పదకొండేళ్లు పిలిస్తే వెళ్లిన మనిషి పన్నెండో ఏడు మొదటిరోజే మానేస్తాడా? వేదిక మీద ప్రిన్సిపాల్‌గారు కొత్త సెమిస్టరు ప్రాధాన్యాలు ప్రకటించారు. లెక్కల్లో విజయవంతమైన నమూనాను ఇంగ్లీషుకు, ఫిజిక్సుకు, దశలవారీగా అన్ని సబ్జెక్టులకూ విస్తరిస్తారట. ఆ మాటకు ముందు వరసలోని పర్మనెంటు లెక్చరర్లు చప్పట్లు కొట్టబోయి, చేతులు దగ్గరికొచ్చాక ఆగిపోయారు. ఉమామహేశ్వరి మేడం కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అప్పలస్వామి అదీ ఫొటో తీశాడు. ఒక్క ఫొటో కూడా కదల్లేదు.

సభ అయ్యాక ఫోనులోని ఫొటోలన్నీ ఆఫీసుకు అప్పగించి, రసీదు తీసుకుని, గేటు దాటాడు. బయట కిళ్లీ బడ్డీ దగ్గర అరవై మంది పిల్లలూ నిలబడి ఉన్నారు. పైడితల్లి కూడా ఉంది, చేతిలో చీపురుతోనే.

"సార్, అలాగ నిలబడండి," అంది హైమావతి. తన ఫోను తీసింది. "తేదీ, టైము, లొకేషను అన్నీ పడే యాప్ ఏసుకున్నానండి."

"ఇప్పుడెందుకమ్మా?"

"మీరు ఉండండి సార్. ఏటీ మాట్లాడకండి."

పిల్లల మధ్యలో నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. ఇన్నాళ్లూ ఫోను పట్టుకున్న చేతులు. ఒకటి జేబులో పెట్టాడు, తీశాడు, చివరికి రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పైడితల్లి, "నవ్వండి బాబూ, మొహం కనబడాల," అంది. ఆయన నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి, అవీ పడ్డాయి ఫొటోలో.

ఆ ఫొటోను హైమావతి అరవై సంతకాలు పెట్టించి జోన్ కార్యాలయానికి పంపింది. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. దాన్ని తీసుకుని ఆ పిల్ల తిన్నగా అప్పలస్వామి ఇంటికి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని వీధి పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాడు.

'తమరు పంపిన ఛాయాచిత్రం నిబంధనలకు పూర్తిగా అనుగుణంగా ఉన్నది. తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు స్పష్టముగా ఉన్నవి. అందులోని వ్యక్తి శ్రీ పొట్నూరు అప్పలస్వామి అని నిర్ధారించడమైనది. సదరు వ్యక్తి ఆ సమయమున కళాశాల ప్రధాన ద్వారమునకు పదకొండు మీటర్ల వెలుపల ఉన్నట్లు ఇందుమూలముగా రుజువైనది. వీరికి సంబంధించి లభించిన ఏకైక ఆధారం ఇదే అయినందున, దీనిని పోస్టు రద్దు ఫైలుకు జతపరచడమైనది. సహకరించినందులకు ధన్యవాదములు.'

హైమావతికి ఏడుపొచ్చింది. "నాదే తప్పు సార్. గేటు లోపల నిలబెట్టాల్సింది."

అప్పలస్వామి కాగితం అందుకుని పై నుంచి కిందికి చదివాడు, వేలితో ఒక్కో గీతా తాకుతూ, పిల్లల జవాబు పత్రం దిద్దినట్టు.

"నీ తప్పేం లేదమ్మా. వాళ్లదీ ఏ మెట్టూ తప్పలేదు," అన్నాడు. "దత్తాంశం చూడు."